‘నాకు ఆ మిషన్లు పెట్టొద్దమ్మా’ అని పేషెంట్ అంటే నర్సు ఏం చేయాలి?

అడిగిన ప్రశ్న ఇది: “క్యాన్సర్ వార్డులో స్టాఫ్ నర్సుని, రెండేళ్ల అనుభవం. మా వార్డులో 58 ఏళ్ల ఆవిడ ఉన్నారు. అండాశయ క్యాన్సర్ కాలేయానికి పాకింది, ఊపిరితిత్తుల చుట్టూ నీరు చేరుతోంది. మొన్న రాత్రి రెండింటికి సెలైన్ మారుస్తుంటే నా చేయి పట్టుకుని, ‘పక్క బెడ్ ఆవిడకి చేసినట్టు నాకు చెయ్యొద్దమ్మా, ఆ మిషన్లు పెట్టొద్దు, మా అబ్బాయికి చెప్పకు’ అన్నారు. ఆ అబ్బాయేమో డాక్టర్ గారితో ‘ఎంత ఖర్చయినా సరే, అన్నీ చేయండి’ అని చెప్పి ఉన్నాడు. డీఎన్ఆర్ (గుండె ఆగితే ఛాతీ నొక్కి బతికించే ప్రయత్నం, అంటే సీపీఆర్, చేయొద్దనే ఆర్డరు) గురించి నేను మాట్లాడొచ్చా? అసలు అది నర్సు పనేనా? ‘ఆ టైంలో నువ్వుంటావా’ అని కూడా అడిగారు. ఏం చెప్పాలో తోచక నవ్వి వచ్చేశాను.”

సిస్టర్, మాట్లాడొచ్చు. మాట్లాడాలి కూడా. డీఎన్ఆర్ ఆర్డరు రాసేది మాత్రం డాక్టరు. ఆవిడ నోట ఆ మాట రావడానికీ, కేస్ షీట్‌లో ఆ ఆర్డరు పడడానికీ మధ్య చాలా దూరం ఉంది. ఆ దూరం నడవాల్సింది ఎక్కువగా మనమే.

నేను 27 ఏళ్లుగా నర్సుని. అందులో 11 ఏళ్లు క్యాన్సర్ ఐసీయూలో, తర్వాత పాలియేటివ్ కేర్‌లో చేశాను. (పేపర్లలో ఉపశమన చికిత్స అని రాస్తారు గానీ వార్డులో ఆ మాట అన్నవాళ్లని నేను చూడలేదు.) మీ ప్రశ్న చదవగానే నేను చేసిన తప్పు ఒకటి గుర్తొచ్చింది. ముందు అది చెబుతాను.

అప్పటికి నా సర్వీసు ఆరేళ్లు. డెబ్బై దాటిన ఒక తాత, ఒకప్పుడు లారీ నడిపేవాడు, ఊపిరితిత్తుల క్యాన్సర్. రాత్రి నెబ్యులైజర్ పెడుతుంటే మాస్కు పక్కకి లాగి, “సిస్టరూ, నాకేమన్నా అయితే గుండెల మీద గుద్దించకు” అన్నాడు. నేనేమన్నానంటే, “అట్లాంటి మాటలు మాట్లాడకూడదు తాతా, మీకేం కాదు, పడుకోండి.” దుప్పటి సరిచేసి వచ్చేశాను. ధైర్యం చెప్పాననే అనుకున్నాను. ఆ మాట ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు. మూడో రోజు తెల్లవారుజామున గుండె ఆగింది. మొదట ఛాతీ మీద చెయ్యి వేసింది నేనే. నాలుగో నొక్కుకో అయిదో నొక్కుకో నా అరచేతి కింద పక్కటెముక పటుక్కుమంది. ముప్పై అయిదు నిమిషాలు చేశాం. ఆపేశాక కొడుకుని లోపలికి పిలిచారు. తాత నోట్లో పైపు అలాగే ఉంది, బనీను కత్తెరతో కోసేసి ఉంది, మెడలో ఆంజనేయస్వామి బిళ్ల చంక కిందికి జారిపోయి ఉంది. కొడుకు ఏడవలేదు. ముందు ఆ బిళ్లని తీసి ఛాతీ మధ్యకి జరిపాడు. నేను గోడకి ఆనుకుని చూస్తూ నిలబడ్డాను.

“మీకేం కాదు.” మన వార్డుల్లో రోజుకి ఎన్నిసార్లు అంటామో లెక్క లేదు. పేషెంట్ నోరు మూయించడానికి దీన్ని మించిన మాట లేదు. మీరు ఆ మాట అనకుండా నవ్వి వచ్చేశారు, నాకంటే నయం. ఆవిడ ఇంకోసారి ఆ మాట ఎత్తే అవకాశం ఉంది. ఎత్తకపోయినా మీరే ఎత్తొచ్చు: “అమ్మా, మొన్న రాత్రి మీరు ఒక మాట అన్నారు, నేను సరిగ్గా జవాబు చెప్పలేదు. ఇప్పుడు మాట్లాడుకుందామా?” అని స్టూలు లాక్కుని కూర్చోండి. నిలబడి మాట్లాడొద్దు. సెలైన్ స్టాండు పట్టుకుని నిలబడి అడిగితే ఏ పేషెంటూ అసలు సంగతి చెప్పరు, మనం వెళ్లిపోయే తొందరలో ఉన్నామని వాళ్లకి తెలుసు.

కూర్చున్నాక మొదటి ప్రశ్న సీపీఆర్ గురించి కాదు. “డాక్టర్ గారు మీ జబ్బు గురించి మీకేం చెప్పారు?” అని అడగండి. మన దగ్గర సగం కేసుల్లో జబ్బు పేరే పేషెంట్‌కి చెప్పి ఉండరు. అటెండర్లు (పేషెంట్ వెంట ఉండే ఇంట్లోవాళ్లు) బయట కారిడార్‌లోనే డాక్టర్‌ని ఆపి “ఆమెకి మాత్రం చెప్పకండి సార్” అంటారు. పేషెంట్‌కి ఏం తెలుసో మీకు తెలియకుండా మాట్లాడితే మీరే ఆ వార్త చెప్పినవాళ్లవుతారు. ఆవిడ “గడ్డ ఉందట, మందు ఎక్కిస్తే కరిగిపోతుందట” అంటే అక్కడే ఆగిపోండి. ముందు జబ్బు గురించి చెప్పాల్సింది డాక్టరు, దానికి మీరు ఏర్పాటు చేయండి. “నాకు తెలుసులేమ్మా, వీళ్లంతా నా దగ్గర దాస్తున్నారు” అంటే (చాలామంది ఇలాగే అంటారు) దారి తెరుచుకున్నట్టే.

రెండోది, ఆవిడ మాటకి అర్థం మీరే ఊహించుకోవద్దు. మన పెద్దవాళ్లు చావు అనే మాట అనరు. ‘ఏదన్నా అయితే’, ‘వేళ వస్తే’, ‘పైకి పోతే’, ‘దాటిపోతే’ అంటారు. వాళ్లు వాడిన మాటే మీరూ వాడండి. “మీరు ‘ఆ మిషన్లు’ అన్నారు కదా, పక్క బెడ్ ఆవిడకి చేసిన వాటిలో ఏది చూసి భయమేసింది?” అని అడగండి. ఒకరికి ఛాతీ మీద నొక్కడం చూసి భయం. ఇంకొకరికి ఊపిరి అందించడానికి మూతికి బిగించే బైపాప్ మాస్కు. ఒకావిడ నాతో “ఆ మిషను వద్దు” అంటే వెంటిలేటర్ అనుకున్నాను. తీరా అడిగితే చీర విప్పి, అందరి ముందూ ఒంటి మీద బట్ట లేకుండా ఉంచడం గురించి ఆమె బాధ. ఆవిడ సీపీఆర్ వద్దనలేదు, కర్టెన్ వేయమంది. అడగకుండా నేను పోయి డాక్టర్‌తో “ఈవిడ సీపీఆర్ వద్దంటున్నారు” అని చెప్పి ఉంటే?

ఆవిడ చెబుతున్నది నిజంగా గుండె ఆగినప్పటి సంగతే అయితే, సీపీఆర్ అంటే ఏమిటో ఉన్నదున్నట్టు చెప్పాలి. దీనికి మన భాషలో అందరికీ తెలిసిన ఒక మాట లేదు, వివరించాల్సిందే. నేను ఇలా చెబుతాను: “గుండె ఆగినప్పుడు ఛాతీ మధ్యలో రెండు చేతులతో గట్టిగా, వేగంగా నొక్కుతారు. ఊపిరి కోసం గొంతులోకి పైపు వేస్తారు. ఒక్కోసారి కరెంటు షాకు ఇస్తారు. కొందరికి గుండె మళ్లీ కొట్టుకుంటుంది. అప్పుడు ఐసీయూలో వెంటిలేటర్ మీద ఉంచుతారు. మాట్లాడడానికి ఉండదు.” సినిమాలో హీరో రెండు గుద్దులు గుద్దగానే కళ్లు తెరిచే సీన్లు చూసి పెరిగాం అందరం. మనం నొక్కేది పెద్దవాళ్లకి కనీసం అయిదు సెంటీమీటర్ల లోతు, నిమిషానికి 100 నుంచి 120 సార్లు. క్యాన్సర్‌తో చిక్కిపోయిన ఒంట్లో ఎముకలు దానికి ఆగవు.

ఫలితం మాటకొస్తే, క్యాన్సర్ పేషెంట్లకి ఆస్పత్రిలో చేసిన సీపీఆర్‌పై అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ 2006లో వచ్చింది. డిశ్చార్జ్ దాకా బతికినవారు 6.2 శాతం. ఐసీయూలో ఉన్నవాళ్లలో అయితే 2.2 శాతం. ఈ అంకెలు మీకోసం, డాక్టర్‌తో మాట్లాడేటప్పటికి. పేషెంట్‌కి శాతాలు చెప్పొద్దు. “మీ జబ్బు ఉన్న స్థితిలో, గుండె ఆగితే అది మళ్లీ మొదలై మీరు ఇంటికి వెళ్లడం చాలా చాలా అరుదు. దీని గురించి డాక్టర్ గారు ఇంకా వివరంగా చెబుతారు” అంటే చాలు. గుండె జబ్బుతో హఠాత్తుగా పడిపోయిన నలభై ఏళ్ల మనిషి సంగతి వేరు. అక్కడ సీపీఆర్ ప్రాణం నిలుపుతుంది, ఒక్క క్షణం ఆలోచించకూడదు.

చెప్పాక ఆగండి. అరనిమిషం మాట్లాడకుండా ఉండడం మన వృత్తిలో అన్నిటికన్నా కష్టం. ఆవిడ పైట చెంగుతో కళ్లు తుడుచుకోవచ్చు. మాట మార్చి కాఫీ అడగొచ్చు. అడిగితే ఇవ్వండి, కాఫీ తాగాక మళ్లీ మొదలుపెడతారు. “మీరు ఒంట్లో బాగాలేనప్పుడు మీకు అన్నిటికన్నా ముఖ్యం ఏమిటి?” అని అడగండి. జవాబులు మనం అనుకున్నట్టు ఉండవు. మనవడి పంచెల ఫంక్షన్ దాకా ఉండాలని, నొప్పి లేకుండా నిద్ర పట్టాలని, ఇంట్లో తులసికోట కనిపించే గదిలో పడుకోవాలని, కూతురూ కోడలూ మాట్లాడుకోవాలని చెబుతారు. ఆ జవాబు తెలిస్తే సీపీఆర్ ప్రశ్నకి జవాబు సగం దానంతట అదే వస్తుంది. “సీపీఆర్ కావాలా వద్దా” అని ఫారం నింపినట్టు అడిగే ప్రశ్నకి నిజమైన జవాబు రాదు. “అన్నీ చేయమంటారా?” అనే ప్రశ్న అంతకంటే అధ్వాన్నం. అన్నీ వద్దని ఎవరంటారు?

రాత్రి అన్న మాట పగలు కూడా నిలవాలి. సోడియం పడిపోయినా, ఇన్‌ఫెక్షన్‌తో మనసు తికమకలో ఉన్నా, నొప్పి ఆగక విసిగిపోయినా మనుషులు “నన్ను వదిలేయండి” అంటారు. నొప్పికి సరైన మోతాదులో మార్ఫిన్ పడ్డాక మాట మార్చుకున్నవాళ్లని చాలామందిని చూశాను. అందుకే ముందు నొప్పి, ఆయాసం, నిద్ర సంగతి చూడండి. తర్వాత మరోసారి, వేరే పూట అడగండి. అదే మాట అంటే అది ఆవిడ నిర్ణయం.

ఇక ‘అబ్బాయికి చెప్పకు’ గురించి. ఇక్కడ మీరు ఇరుక్కున్నట్టు అనిపిస్తోంది గానీ ఇరుక్కోలేదు. ఆవిడ ఒప్పుకోకుండా అబ్బాయికి మీరు చెప్పకూడదు. డాక్టర్‌కి మాత్రం చెప్పక తప్పదు, ఆ సంగతి ఆవిడకి ముందే చెప్పండి: “ఈ మాట నా దగ్గరే దాచుకుంటే రేపు ఉపయోగం ఉండదమ్మా, డాక్టర్ గారికి చెప్పాలి.” తర్వాత, ఎందుకు చెప్పొద్దంటున్నారో అడగండి. తొంభై పాళ్లు “వాడు తట్టుకోలేడు” అనే వస్తుంది. తమాషా ఏమిటంటే బయట బెంచీ మీద కొడుకు కూడా ఇదే అంటూ ఉంటాడు, “అమ్మ తట్టుకోలేదు సిస్టర్, ఆమెకేం చెప్పొద్దు” అని. ఇద్దరికీ తెలుసు, ఇద్దరూ ఒకరి దగ్గర ఒకరు నటిస్తుంటారు. ఇద్దరి మధ్యా మనం ఫ్లాస్కు పట్టుకుని తిరుగుతుంటాం. “మీరు చెప్పలేకపోతే డాక్టర్ గారు చెబుతారు, నేను పక్కనే ఉంటాను. మీరు తల ఊపితే చాలు” అంటే చాలామంది ఒప్పుకుంటారు.

కొడుకు ‘అన్నీ చేయండి’ అన్నాడని ఆయన మీద కోపం తెచ్చుకోవద్దు. ఆ మాట వెనక ఏముందో వెతకండి. కొందరికి డబ్బు లేక అమ్మని వదిలేశాడని చుట్టాలు అంటారేమోనని భయం. ఒకాయన నాతో నోరు తెరిచి చెప్పాడు, అద్దె ఇంట్లో ఉంటున్నాం సిస్టర్, ఓనర్ శవాన్ని గేటు లోపలికి రానివ్వడు, అందుకే ఆస్పత్రిలోనే ఎన్నాళ్లయినా ఉంచండి అని. ఇంకొకాయనకి నక్షత్రం భయం. ధనిష్ఠా పంచకంలో పోతే ఇల్లు ఆర్నెల్లు మూసేయాలని ఎవరో చెప్పారు. అమెరికాలో ఉన్న అన్నయ్య వచ్చేదాకా వెంటిలేటర్ మీద ఉంచమనడం మీరూ చూసే ఉంటారు. వీటిలో ఒక్కటి కూడా సీపీఆర్ తీర్చే సమస్య కాదు. అన్నయ్యని ఇప్పుడే రమ్మనొచ్చు, అమ్మ మాట్లాడగలిగినప్పుడే వీడియో కాల్ చేయించొచ్చు. అద్దె ఇంటి సమస్య ఉన్నవాళ్లకి హాస్పీస్ (చివరి రోజుల్లో పేషెంట్‌ని ఉంచుకుని చూసుకునే చోటు) ఉంటుందని చెప్పొచ్చు. హైదరాబాద్‌లో ఎంఎన్‌జే ఆస్పత్రి పాలియేటివ్ విభాగం ఉంది, స్పర్శ్ హాస్పీస్ ఉంది, అడిగి కనుక్కోవడానికి ఒక ఫోన్ కాల్ చాలు. “అన్నీ చేయండి” అన్నవాడితో నేను ఇలా అంటాను: “తప్పకుండా చేస్తాం నాయనా. అమ్మకి ఉపయోగపడేవి అన్నీ చేస్తాం. ఏవి ఉపయోగపడతాయో డాక్టర్ గారితో కలిసి కూర్చుని మాట్లాడదాం. అమ్మ ఏం కోరుకునేదో నీకే బాగా తెలుసు కదా?” ఆ చివరి ప్రశ్నకి చాలామంది బిడ్డలు కూలబడిపోతారు, ఎందుకంటే వాళ్లకి నిజంగానే తెలుసు. “నువ్వేం చేయమంటావ్” అని అడిగితే భారం వాళ్ల నెత్తిన పడుతుంది. అమ్మ కోరిక ఏమిటని అడిగితే ఆ మాట అందించడమే వాళ్ల పని.

డాక్టర్ దగ్గరికి మాటని ఎలా తీసుకెళ్లాలో చూద్దాం. ఇక్కడే మన పని ఎక్కువగా పాడవుతుంది. రౌండ్స్‌లో తొందరగా “సార్, బెడ్ 14 డీఎన్ఆర్ అంటున్నారు” అంటే “చూద్దాంలే సిస్టర్” అనేసి వెళ్లిపోతారు. ఆ డాక్టర్ తప్పు కూడా కాదది, మనం చెప్పిన తీరు అలా ఉంది. రాతలో పెట్టండి. మన నోట్స్ ఇంగ్లీషులోనే రాస్తాం, కానీ ఆవిడ అన్న మాటని మాత్రం తెలుగులోనే, కొటేషన్‌లో, ఆవిడ అన్నట్టే రాయండి. దాని చుట్టూ ఇంత ఉండాలి: “రాత్రి 2.10. పేషెంట్ మెలకువగా ఉన్నారు, తేదీ, చోటు, కొడుకు పేరు సరిగ్గా చెబుతున్నారు. తనంతట తనే ఈ మాట అన్నారు. గుండె ఆగితే ఛాతీ నొక్కడం, పైపు వేయడం గురించేనని అడిగి తెలుసుకున్నాను. కొడుక్కి ఇప్పుడే చెప్పొద్దన్నారు. 2.30కి డ్యూటీ డాక్టర్‌కి తెలిపాను.” మీ సంతకం, టైం. ఇన్‌ఛార్జి సిస్టర్‌కి చెప్పండి. పొద్దున హ్యాండోవర్‌లో గట్టిగా చదవండి. కన్సల్టెంట్‌ని “ఈ రోజు పది నిమిషాలు ఆవిడతో కూర్చుంటారా సార్, నేను కూడా ఉంటాను” అని టైంతో సహా అడగండి. పది నిమిషాలని చెప్పి అడిగితే దొరుకుతుంది, ‘ఒకసారి మాట్లాడండి సార్’ అంటే దొరకదు.

ఒక విషయం మాత్రం కఠినంగానే చెప్పాలి. రాతపూర్వక ఆర్డరు పడేలోపు ఆవిడ గుండె ఆగితే మీరు సీపీఆర్ మొదలుపెట్టాల్సిందే. “నాతో వద్దన్నారు” అని ఊరుకోవడానికి మీకు అధికారం లేదు. చేస్తూనే డ్యూటీ డాక్టర్‌కి ఆ మాట చెప్పండి, ఆపడం ఆయన నిర్ణయం. అందుకే రాత్రి విన్న మాటని పొద్దుటిదాకా కొంగున కట్టుకుని కూర్చోవద్దని అంటున్నాను. ఇంకొకటి. ఆర్డరు రాయకుండా “మెల్లిగా కానివ్వండి సిస్టర్, ఫ్యామిలీ కోసం రెండు నొక్కులు నొక్కండి” అని నోటిమాటగా చెప్పేవాళ్లు ఉంటారు. ఉత్తుత్తి సీపీఆర్. ఒప్పుకోవద్దు. పేషెంట్‌ని, ఇంట్లోవాళ్లని ఇద్దర్నీ మోసం చేయడమే అది, రేపు కేసైతే నోట్స్‌లో సంతకం ఉండేది మనది.

చట్టం గురించి కంగారు పడకండి. 2018 మార్చి 9న సుప్రీంకోర్టు కామన్ కాజ్ కేసులో గౌరవంగా మరణించడం కూడా జీవించే హక్కులో భాగమేనని చెప్పింది, ముందస్తు వైద్య ఆదేశాన్ని (లివింగ్ విల్ అంటారే, అది) గుర్తించింది. అప్పట్లో దాని మీద మెజిస్ట్రేట్ సంతకం కావాల్సి వచ్చేది, ఎవరివల్లా అయ్యేది కాదు. 2023 జనవరి 24న దాన్ని సులువు చేశారు. ఇద్దరు సాక్షుల ముందు సంతకం, నోటరీ లేదా గెజిటెడ్ ఆఫీసర్ ధ్రువీకరణ చాలు. మాట్లాడలేని పేషెంట్‌కి వెంటిలేటర్ లాంటివి తీసేయాలన్నా, పెట్టకుండా ఉండాలన్నా ఆస్పత్రిలో ఒకటి, దానిపైన ఇంకొకటి, రెండు వైద్య బోర్డులు చూడాలి. ఒక్కొక్కటీ వీలైనంతవరకు 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2020లో డీఎన్ఏఆర్ (డీఎన్ఆర్‌కే ఇంకో పేరు) మీద విడిగా మార్గదర్శకాలు ఇచ్చింది. నిర్ణయం తీసుకునేది చూస్తున్న డాక్టరే, పేషెంట్‌కి తెలివిడి ఉంటే పేషెంట్‌తోనే మాట్లాడాలి, రాసిపెట్టాలి, పరిస్థితి మారితే మళ్లీ చూడాలి, మిగతా చికిత్స ఆగకూడదు అని అందులో ఉంది. మీ ఆస్పత్రిలో ఏ ఫారం, ఎవరి సంతకాలు అన్నది నర్సింగ్ సూపరింటెండెంట్‌ని అడిగి ఈ వారంలోనే తెలుసుకోండి. ఒక్క విషయం గుర్తుంచుకోండి, లివింగ్ విల్ అక్కరకొచ్చేది మనిషి మాట్లాడలేనప్పుడు. మీ పేషెంట్ ఇంకా మాట్లాడుతున్నారు. ఈ రోజుకి ఆవిడ మాటని మించిన కాగితం లేదు.

దీన్ని కారుణ్య మరణంతో కలిపి చూసి భయపడేవాళ్లున్నారు, మన నర్సుల్లోనే. 2004లో హైదరాబాద్‌లో వెంకటేశ్ అనే పాతికేళ్ల యువకుడు, కండరాల క్షీణతతో మంచం పట్టినవాడు, అవయవాలు పనికొచ్చేలా ముందే ప్రాణం తీయమని అడిగితే హైకోర్టు కాదంది. అక్కడ అడిగింది ప్రాణం తీయమని. డీఎన్ఏఆర్‌లో ఎవరూ ఎవరి ప్రాణమూ తీయరు. గుండె తనంతట తాను ఆగినప్పుడు ఛాతీ మీద నొక్కరు, అంతే.

అయినా మీకు మనసొప్పకపోవచ్చు, అది తప్పేం కాదు. ముంబయి కేఈఎం ఆస్పత్రి నర్సులు అరుణా శాన్‌బాగ్‌ని 42 ఏళ్లు సాకారు. ఆమె కూడా అక్కడి నర్సే, 1973లో దాడి జరిగాక కోలుకోలేదు. ఆమెకి ఆహారం ఆపాలని బయటి నుంచి పిటిషన్ వస్తే ఒప్పుకోనిది ఆ నర్సులే. 2011లో సుప్రీంకోర్టు వాళ్ల మాటకే విలువిచ్చింది. వాళ్లు చేసింది నాకు గొప్పగానే అనిపిస్తుంది. కాకపోతే అరుణ తన కోరిక చెప్పలేని స్థితిలో ఉంది. మీ పేషెంట్ చెబుతున్నారు. మన నమ్మకం ఏదైనా ఆవిడ మంచం దగ్గర దాన్ని బయట పెట్టకూడదు. “నేనైతే ఇలా చేస్తాను” అనే మాట అసలు అనొద్దు. ఆవిడే అడిగినా సరే.

ఇంగ్లండ్‌లో పనిచేస్తున్న మన తెలుగు సిస్టర్లు ఇది చదువుతుంటే, మీ దగ్గర పద్ధతి వేరు. 2014లో ట్రేసీ కేసులో అక్కడి అప్పీలు కోర్టు, మాట్లాడితే పేషెంట్‌కి హాని జరుగుతుందనుకున్నప్పుడు తప్ప, పేషెంట్‌తో మాట్లాడకుండా సీపీఆర్ వద్దని రాయకూడదని తేల్చింది. ఇక్కడ మనకి ఆపేవాళ్లు అటెండర్లు, అక్కడ ఎక్కువగా టైం లేకపోవడం.

ఆర్డరు పడ్డాక ఏమవుతుందో కూడా చెప్పాలి, ఎందుకంటే అసలు తప్పులు అక్కడ జరుగుతాయి. నా దగ్గర రొమ్ము క్యాన్సర్‌తో ఒకావిడ ఉండేది, ఊళ్లో గాజుల కొట్టు. “పైపు వద్దు, గుద్దుడు వద్దు, ఆయాసం తగ్గే మందుంటే మాత్రం ఎంత చేదయినా తాగుతా” అంది. డీఎన్ఏఆర్ రాశారు. మూడో రోజు నేను డ్యూటీకి వచ్చేసరికి మధ్యాహ్నం నుంచి ఆమె బీపీ, టెంపరేచర్ ఎవరూ చూడలేదు. కొత్తగా చేరిన అమ్మాయిని అడిగితే “డీఎన్ఆర్ కదా మేడమ్” అంది. జ్వరం 102. నిమోనియా. యాంటీబయాటిక్ పెట్టాం, ఆక్సిజన్ పెట్టాం, ఆయాసానికి కొద్ది మోతాదు మార్ఫిన్ ఇచ్చాం. తొమ్మిది రోజులకి తేరుకుని ఇంటికెళ్లింది. మనవరాలి ఓణీల ఫంక్షన్‌లో కుర్చీలో కూర్చుని ఉన్న ఫొటో వాళ్లబ్బాయి పంపాడు, రెండు చేతులకీ మోచేతుల దాకా గాజులు. తర్వాత ఆరు వారాలకి ఇంట్లోనే పోయింది. డీఎన్ఏఆర్ ఉన్న బెడ్డుకి పని తగ్గదు, పెరుగుతుంది. నోరు శుభ్రం చేయడం, పక్కకి తిప్పడం, నొప్పి అడగడం, అటెండర్‌కి అన్నం తిన్నావా అని అడగడం, ఇవన్నీ అక్కడ రెట్టింపు ఉంటాయి. మాట మార్చుకునే హక్కు కూడా ఆవిడకి ఎప్పుడూ ఉంటుంది. రేపు “అన్నీ చేయండి” అంటే వెంటనే డాక్టర్‌కి చెప్పి ఆర్డరు మార్పించాలి. విసుక్కోకూడదు.

చివరగా మీరు నవ్వి వచ్చేసిన ప్రశ్న. ‘ఆ టైంలో నువ్వుంటావా?’ ఉంటానని మాటివ్వకండి. మన డ్యూటీ చార్టు మన చేతిలో లేదు, వీక్లీ ఆఫ్ రోజే అలాంటివి జరుగుతాయి. “నా డ్యూటీలో అయితే మీ పక్కనే ఉంటానమ్మా. నేను లేనప్పుడు ఎవరుంటారో మీకు చూపిస్తాను” అనండి. తర్వాత నిజంగానే చూపించండి. సాయంత్రం డ్యూటీ సిస్టర్‌ని, వార్డ్ ఆయమ్మని ఆవిడ మంచం దగ్గరికి తీసుకెళ్లి పేర్లు చెప్పండి. “ఈవిడకి మీ సంగతి అంతా తెలుసు” అని ఆవిడ ఎదురుగానే అనండి. నేను ఇలా చేయడం మొదలుపెట్టాక ఒక పెద్దావిడ ఆయమ్మ చేయి పట్టుకుని అడిగిన మొదటి ప్రశ్న, “నీకు విష్ణు సహస్రనామం వచ్చా?” ఆయమ్మ క్రిస్టియన్. “రాదమ్మా, ఫోన్లో పెడతా” అంది. ఆ రాత్రి నుంచి రోజూ తొమ్మిదింటికి పెట్టేది.